కొసరుగా ఇచ్చిన మన్ను

పాత ఇల్లు కొని బాగుచేయించుకుందాం అనుకోవడం, పెళ్ళయిన పాతికేళ్ళకు మొగుణ్ణి బాగుచేద్దాం అనుకోవడం లాంటిదని ప్రమోద అభిప్రాయం. ఒకచోట అతుకేస్తే ఇంకోచోట ఊడుతుంది. ధర్మవరం పట్టుచీరల వ్యాపారి మల్లికార్జునకు ఆ అభిప్రాయం తెలియదు. తెలిసినా లెక్కచేసేవాడు కాదు. రాతిస్తంభాలు, చెక్కడపు తలుపులు, మూడు తరాల మట్టిమిద్దె ఉన్న పెనుకొండ ఇల్లు, ధర్మవరంలో కారు నిలబెట్టుకునేంత జాగా ధరకే వస్తూ ఉంటే ఏ వ్యాపారి ఆగుతాడు? గోడలకు సున్నం కొట్టి, నాలుగు లాంతర్లు వేలాడదీసి, ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీకి వచ్చే దొరలకు అద్దెకిద్దామనుకున్నాడు.

మొన్న మధ్యాహ్నం వానలో ఆ మిద్దె కూలింది. పనివాళ్ళ మీద కాపలాకని మల్లికార్జున అక్కడ ఉంచిన గుమాస్తా సంజీవప్ప దాని కింద పడి చచ్చిపోయాడు. మిద్దె రిపేరు చేసిన పుల్లన్న మేస్త్రీని అదే సాయంత్రం విచారణకని స్టేషన్‌కు తీసుకెళ్ళారు. మేస్త్రీ నిర్లక్ష్యమే మనిషిని చంపిందని మల్లికార్జున కంప్లయింటు. ఈ సాయంత్రంలోగా వేరే సంగతి ఏదీ తేలకపోతే, పుల్లన్న రేపు కోర్టుకు, అటునుంచి అటే జైలుకు.

పుల్లన్న పెళ్ళాం మారక్క తెల్లారేసరికి హిందూపురం వచ్చి ప్రమోద గుమ్మంలో కూర్చుంది.

"మా ఆయన మిద్దె తప్పుగా ఏసింటే నా చెయ్యి నరుకు తల్లీ," అంది.

ప్రమోద చేతులు నరికే మనిషి కాదు. కెమిస్ట్రీలో డిగ్రీ తెచ్చుకుని, ఇరవై ఏళ్ళు ఆ చదువును చింతపండు పులుసుకు వాడి, పిల్లలు పెద్దయ్యాక పెళ్ళిసంబంధాల ఎంక్వయిరీలతో డిటెక్టివ్ అయిన ఇల్లాలు. పొయ్యి కట్టేసి, బాక్సులో చిత్రాన్నం పెట్టుకుని, మారక్కతో పెనుకొండ బస్సెక్కింది.

తీరా ఇంట్లో అడుగుపెడితే ఎదురుగా సుధాకర్.

హిందూపురంలో డిటెక్టివ్ ఏజెన్సీని మొదట ఇద్దరూ కలిసే పెట్టారు. అప్పట్లో 'అక్కా' అనకుండా నీళ్ళు కూడా తాగేవాడు కాదు. ఒకనాడు ప్రమోద ఆఫీసు తాళం తీసేసరికి లోపల ఫైళ్ళు లేవు, బయట బోర్డు లేదు. ఆ బోర్డు బెంగుళూరులో ఒక అద్దాల మేడకు వేలాడుతోందని తర్వాత తెలిసింది. గోడకు మిగిలినవి రెండు మేకులు. ఒకదానికి ప్రమోద క్యాలెండరు తగిలించింది. రెండోది ఖాళీగానే ఉంచింది. దానికి ఏం తగిలించాలనుకుందో మొగుడికి కూడా చెప్పలేదు.

"ఏం మేడమ్," అన్నాడు సుధాకర్, బూటుకు అంటిన బురదను రాతిస్తంభానికి రాస్తూ. "హిందూపురంలో పెళ్ళిళ్ళన్నీ అయిపోయినాయా?"

"ఒగటి మిగిలింది లేప్పా. పిల్లోడు బెంగుళూరులో డిటెక్టివంట. ఎంక్వయిరీ చేస్తే బోర్డు దొంగని తేలె. సంబంధం తప్పిపాయె."

సుధాకర్ మొహం మాడ్చుకున్నాడు. అతన్ని ఈ కేసుకు పిలిపించుకున్న మల్లికార్జున పక్కనే నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా, నుదుట కుంకుమ, వేలికి పచ్చరాయి. గుమాస్తా పోయిన దుఃఖం కన్నా మిద్దె పోయిన దుఃఖమే ఎక్కువగా కనిపించింది.

"ఈయమ్మ ఎవురు సుధాకరప్పా?"

"మేస్త్రీ తరపున వచ్చినారంట. వంట బాగా చేస్తారు."

ప్రమోద ఆ మాటను మడిచి కొంగున ముడేసుకుని, గదిలోకి నడిచింది.

గదికి ఇప్పుడు కప్పు లేదు. నడిమిన దూలం రెండుగా విరిగి పడింది. దాని మీది చెక్కలు, చెక్కల మీది మన్ను కలిసి మోకాలెత్తు దిబ్బయ్యాయి. ఆ దిబ్బలోంచి నులకమంచం కోడు ఒకటి పైకి తేలింది. సంజీవప్ప దొరికిన చోట పోలీసులు సున్నంతో గీత గీశారు. ఆ గీత తలుపు దగ్గర ఉంది.

"సింపుల్ కేసు మేడమ్," అన్నాడు సుధాకర్. "భోంచేసి పడుకున్నాడు. మేస్త్రీ పాత మన్ను తియ్యకుండా దాని మీదనే కొత్త మన్ను పోసినాడు. బరువెక్కింది. వాన వచ్చింది. పడింది. మల్లికార్జున గారు సంతకం పెడితే రిపోర్టు సాయంత్రానికి ఎస్సై టేబుల్ మీద ఉంటాది."

"నిద్రపోతాండేటోడు మంచం మీద కదప్పా చావాల? మంచం గది నడిమిన ఉండాది. మనిషి తలుపుకాడ దొరికినాడు."

"మెలకువ వచ్చింటాది. పరుగెత్తింటాడు."

"అదే నేననేది. పరుగెత్తినాడు."

మట్టిమిద్దె చెప్పాపెట్టకుండా కూలదు. ముందు చెక్కల సందుల్లోంచి సన్నగా, పిండి జల్లించినట్టు మన్ను రాలుస్తుంది. మన్ను రాలితే గిన్నె చూడొద్దు, గడప చూడమని ఈ సీమలో అవ్వలు పిల్లలకు నడక రాకముందే చెబుతారు. సంజీవప్ప కూడా ఏదో ఒక అవ్వ మనవడే. గడప చూసుకుని పరుగెత్తాడు. గడప దాకా వచ్చాడు. మరి దాటలేదేం?

ప్రమోద తలుపు దగ్గరికి వెళ్ళింది. రెండు రెక్కల పాత తలుపు, ఒక రెక్క ఓరగా తెరిచి ఉంది. లోపలివైపు, భుజమెత్తులో చెక్క మీద తెల్లగా గీరుళ్ళు. బయటివైపు ఇనుప గొళ్ళెం. ఇంట్లో ఉన్న ఇనుమంతా, కిటికీ కమ్మీలు, గోడ కొంకీలు, తుప్పుతో పొరలు లేచి ఉంది. ఈ గొళ్ళెం ఒక్కటి మాత్రం నల్లగా నిగనిగలాడుతూ, వేలితో తాకగానే జారింది. ప్రమోద వేలు వాసన చూసుకుంది. ఆముదం.

"మూడు తరాల గొళ్ళేనికి ఈ నడుమ ఎవురో తలంటు పోసినారు," అంది.

సుధాకర్ నవ్వాడు. "దూలం కుంగితే ద్వారబంధాన్ని నొక్కుతాది మేడమ్. తలుపు దిగుసుకుపోతాది. లోపలున్నోడు ఎంత కొట్టినా రాదు. అంతదానికి గొళ్ళెం కథలెందుకు?"

"కొయ్య ద్వారబంధమైతే నీ మాట నిజమే. ఇది రాయి. మూడు తరాల కింద పెట్టిండేది. సంజీవప్ప కోసమని కుంగుతుందా?"

సుధాకర్ రాతిని తట్టి చూసి, ఆ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. 

"తలుపు తీసిందెవురు?" ప్రమోద మల్లికార్జున వైపు తిరిగింది.

"మొదట పరుగెత్తుకొని వచ్చింది లక్ష్మీదేవమ్మ. ఈ ఇల్లు మాకు అమ్మినామె. ఎనకపక్క వంటింట్లో దీపావళి దాకా ఉంటానంటే సరేలే అన్నా. ఆమె అరుపుకే నలుగురూ వచ్చినారంట."

"మిద్దె మీద పాత మన్ను తియ్యొద్దన్నది ఎవురు?"

మల్లికార్జున జవాబిచ్చేలోపు మారక్క ముందుకొచ్చింది. "చెప్పు సామీ. మా ఆయన పాత మన్నంతా గీకి తీయల్ల, తీసినాకే కొత్తది పొయ్యల్ల అని రెండుసార్లు చెప్పినాడా లేదా? కూలి దండగ అంటివా లేదా?"

"అంటే ఏమాయె?" మల్లికార్జున గొంతు పెంచాడు. "మన్నులో తప్పేముండాది? మంచి చౌడుమన్ను. చుక్క నీళ్ళు తాగదు. లక్ష్మీదేవమ్మ ఇంటికి కొసరుగా ఊరికే ఇచ్చింది. ఊరికే వచ్చేదాన్ని వద్దంటారా ఎవురన్నా? ధర్మవరంలో మా నాయన కూర్చొని వ్యాపారం చేసిన గద్దెగది మీద కూడా అదే మన్ను పోయించినా. అదీ మట్టిమిద్దే, ద్వారబంధం మాత్రం కొయ్యది. మొన్నటి వానకు లోపల కారలా, బయట దోనెలోంచి కూడా చుక్క పడలా. అంత మంచి మన్ను! మన్ను కాదమ్మా, మేస్త్రీ చంపినాడు సంజీవప్పను."

"సాయంత్రంలోపల తేలుతుంది లెండి," అంది ప్రమోద. వెంటనే సుధాకర్ తల వెనక్కి చూసి కళ్ళు పెద్దవి చేసింది. "సుధాకరప్పా! గోడ! నీ ఎనక గోడ వస్తాండాది!"

సుధాకర్ ఎగిరి మన్ను దిబ్బలో పడ్డాడు. బెంగుళూరు బూట్లు చీలమండల దాకా దిగబడ్డాయి. 

గోడ ఎక్కడిదక్కడే ఉంది.

"బల్లి," అంది ప్రమోద. "ఈ నడుమ దూరం సరిగా ఆనదు. వంటపొగకు కళ్ళు పోయినాయి."

మొన్నటినుంచీ ఏడుస్తూనే ఉన్న మారక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మల్లికార్జున పొట్ట కూడా నవ్వుకు కదిలింది. సుధాకర్ మాత్రం బూటు పీక్కుంటూ, "ఇంగ జన్మలో నీ మాట నమ్మితే చూడు," అన్నాడు. పది నిమిషాల్లో ఇద్దరూ కారెక్కి ధర్మవరం వెళ్ళిపోయారు. గద్దె మీద కూర్చుని సంతకం పెడితేనే మల్లికార్జునకు కలిసొస్తుందట.

ప్రమోద ఆ బల్లి ముచ్చటను కాసేపు చప్పరించింది. తర్వాత పెరట్లోకి నడిచింది.

మిద్దెతోపాటు పిట్టగోడ కూడా పెరట్లోకి ఒరిగిపోయి ఉంది. రాళ్ళ నడుమ, మిద్దె మీది వాననీళ్ళు కిందికి దిగే రాతిదోనె పగలకుండా పడి ఉంది. మొన్న ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ప్రమోద కూర్చుని దోనెలో వేలు పెట్టింది. వేలు పోలేదు. కొమ్మతో పొడిచి, మారక్క సాయం పట్టి లాగితే, బురద ముద్దయిన గుడ్డ ఒకటి బయటికి వచ్చింది.

తొట్టిలో జాడించేసరికి ఎర్రటి పట్టు. జరీ అంచు మీద మామిడిపిందెలు. చీర కాదు, చీరలో ముక్క. ఒకపక్క నేత ఆగిపోయి పోగులు జడవిప్పినట్టు వేలాడుతున్నాయి. అంటే మగ్గం మీద సగంలో నిలిచిపోయిన చీర. ఇంకోపక్క కత్తెరతో తిన్నగా కోసి ఉంది.

"పట్టుచీర దోనెలో కుక్కినారా?" మారక్క నోరు తెరిచింది. "పిచ్చోళ్ళా ఏంది?"

"పిచ్చి కాదు మారక్కా. గోనెపట్ట దొరకని ఊరా ఇది?"

దోనె మూసేస్తే వాననీళ్ళు మిద్దె మీదనే నిలుస్తాయి. కింద ఎన్నో ఏళ్ళ పాత మన్ను, పైన కొత్త మన్ను, ఆ పైన చెరువు. పుల్లన్న కట్టిన మిద్దె కూలలేదు. దాన్ని కూల్చారు.

"చౌడు ఎంత వచ్చె ఈడికి?"

"ఒగ ట్రాక్టరు. నేనే మోసినా గదా. ఇంగా రెండు ట్రాక్టర్లు రోడ్డు మీదనుంచే అట్లే ఎల్లిపాయె. యాడికని నేనడగల్యా."

ప్రమోద టిఫిన్ బాక్సు తెరిచి, మారక్కకు వీపు తిప్పి కాసేపు దాంతో ఏదో సర్ది, మూత గట్టిగా బిగించి మారక్క చేతికిచ్చింది. "స్టేషన్‌కు పోయి ఇది ఎస్సై చేతికే ఇయ్యి. ఆయన మూత తీసి చూసినాకనే మీ ఆయనకు పెట్టమను. నడిమిన ఎవురడిగినా చిత్రాన్నమని చెప్పు."

"చిత్రాన్నమే గదమ్మా?"

"చిత్రాన్నం కూడా ఉండాది."

మారక్క వెళ్ళిపోయాక, ప్రమోద తడిగుడ్డ పట్టుకుని వెనక వంటింటి గుమ్మంలో నిలబడింది. పడమటి మబ్బు కొండ మీదికి ఎక్కుతోంది.

లోపల లక్ష్మీదేవి కట్టెల పొయ్యి మీద రాగిసంగటి కెలుకుతోంది. ముప్పై దాటి ఉంటాయి. మెడలో ఏమీ లేదు. తలెత్తి గుడ్డను చూసింది. తెడ్డు ఒక్క తిప్పు ఆగింది, మళ్ళీ కదిలింది.

"కూర్చో అక్కా. సంగటి తింటావా?"

"తింటా. ఇంటి సంగతి చెప్పు ముందు. ఇంత ఇల్లు అంత తక్కువకు ఎందుకమ్మితివి?"

"మొగుడు పాయె. పిల్లల్లేరు. ఒగదాన్ని ఇంత ఇంట్లో ఏం జేసేది?"

"బెంగుళూరోళ్ళు ఒకరు రెట్టింపు ఇస్తామంటే ఈయలేదంట. వీధిలో చెప్పుకుంటాండారు."

"దుడ్లు ఎక్కువైతే నిద్ర పట్టదంట గదా."

"దుడ్లు అనేది అమరాపురం మాట. ఆ పక్క పెరిగితివా?"

"అవ్వకాడ పెరిగినా. పుట్టింది ధర్మవరం."

"మీ నాయన నేసేటోడు."

ప్రమోద గుడ్డను పొయ్యిగట్టు మీద పరిచింది. వేలాడే పోగులను ఒక్కొక్కటే విడదీసింది. ఆ పోగులను ఎవరో తెంపుతున్నట్టు లక్ష్మీదేవి పెదవి బిగించింది.

"దోనెకు గుడ్డ కుక్కినావు. గొళ్ళేనికి ఆముదం పోసినావు. సంజీవప్ప భోంచేసి పడుకున్నాక బయటినుంచి గొళ్ళెం పెట్టినావు. మిద్దె పడినాక నువ్వే ముందొచ్చి తీసినావు. అంతవరకు నాకు అర్థమయింది లక్ష్మీదేవీ. నీ నోటితో వినాల్సింది ఒకటే. సంజీవప్ప ఏం చేసినాడు?"

సంగటి ముద్ద బుడుక్కుమంది. లక్ష్మీదేవి కట్టె వెనక్కి లాగి మంట తగ్గించింది. గొంతు మాత్రం కూరలో ఉప్పెంతో చెబుతున్నట్టే ఉంది.

"మల్లికార్జున మగ్గాల ఇండ్లు వరసగా ఉండేవి. అన్నీ మట్టిమిద్దెలే. మా నాయన రామప్ప ఒగదాంట్లో నేసేటోడు. ముందుగా కొంచెం దుడ్లు తీసుకొనుంటిమి, అవి తీరేదాకా పని ఇడిసి పోకూడదు. ఆ ఏడు రెండిండ్లోళ్ళు మగ్గాలిడిసి పారిపోయినారు. దాంతో సంజీవప్ప పొద్దుగూకితే వరసగా అందరి తలుపులకూ బయట గొళ్ళెం పెట్టేటోడు. కోళ్ళను మూసినట్ల. వాన పట్టె. మన్ను రాలె. మా నాయనకు, అమ్మకు తెలీదా అక్కా, గడపకాడికి పోవాలని? పోయినారు. మా తమ్ముడు తలుపు కొట్టినాడంట. చానాసేపు కొట్టినాడంట. విన్నోళ్ళున్నారు. సావుకారికి భయపడి తియ్యల్యా."

బయట మొదటి చినుకులు పడ్డాయి.

"నేను అవ్వకాడ ఉంటి. ముగ్గురినీ పూడ్చినాక మల్లికార్జున వచ్చినాడు. అవ్వ కాళ్ళమీద పడి, గొళ్ళెం సంగతి చెప్పు సామీ అనె. 'వాన చంపితే నేనేం జేసేది' అనె సావుకారు. పోతాపోతా తిరిగి చూసి ఏమడిగినాడో తెలుసునా? 'మగ్గం మీద చీర ఉండె గదా, తడిసిందా?' అని."

ఆమె గుడ్డను నిమిరింది.

"తడిసింది, పనికిరాదని చెప్పి దాచుకుంటి. ఇదే."

పొద్దున ఇదే మల్లికార్జున ప్రమోదతో, 'మన్ను కాదమ్మా, మేస్త్రీ చంపినాడు' అన్నాడు. నేతగాళ్ళు చస్తే వాన. తన మిద్దె పడితే మేస్త్రీ. ఈ వ్యాపారంలో నష్టమెప్పుడూ కిందివాడి ఖాతాకే.

"మీ తమ్ముడు కొట్టినట్టే సంజీవప్ప కూడా కొట్టినాడు," అంది ప్రమోద మెల్లగా. "తలుపు మీద గీరుళ్ళుండాయి."

"కొట్టినాడు. ఈ పొయ్యికాడనే కూర్చొని వింటి. మా తమ్ముడంతసేపు కొట్టల్యా."

వాన ఒక్కసారిగా ఊపందుకుంది. ప్రమోద గుడ్డకు రెండో పక్క ఉన్న కత్తెర కోత మీద వేలు పెట్టింది. తిన్నని కోత. సగం చీరకు ఒకవైపు ఆగిపోయిన నేత ఉండాలి, ఇంకోవైపు మొదలు ఉండాలి. మొదలు ఇక్కడ లేదు.

"మిగిలిన ముక్క ఏది?"

లక్ష్మీదేవి నవ్వింది. పొద్దున్నుంచీ ప్రమోదకు కనిపించిన మొదటి నవ్వు అది.

"కొసరు ఇచ్చేటప్పుడు చెయ్యి బిగబట్టగూడదక్కా. రెండు ట్రాక్టర్లు ధర్మవరం తోలించినా. మన్ను ఎట్ల పరచాల్నో చూపిస్తానని నేనే నిచ్చెనెక్కితి. సావుకారు కింద నిలబడి, 'ఎంత మంచిదానివమ్మా' అనె."

*లోపల కారలా, బయట దోనెలోంచి కూడా చుక్క పడలా. అంత మంచి మన్ను!*

పొద్దున మల్లికార్జున అన్న మాట అది. చౌడు నీళ్ళు తాగదు. తాగని నీళ్ళు దోనెలోంచి దూకాలి. దూకలేదంటే, మొన్నటి వాన ఇంకా ఆ గద్దెగది నెత్తిమీదనే కూర్చుని ఉంది. దాని మీద ఇప్పుడు ఈ వాన. దాని కింద మల్లికార్జున, సుధాకర్.

ఫోన్ తీసింది. లక్ష్మీదేవి గుడ్డను లాక్కుని మంటకు జానెడు ఎత్తులో పట్టుకుంది.

"ఆగక్కా. బేరం చెప్తా విను. ఈ సాయంత్రం నేనే స్టేషన్‌కు వస్తా. పుల్లన్నకు పాపం తెలీదు, అంతా నేనే అని చెప్తా. మారక్క మొగుడు ఇంటికి పోతాడు. నువ్వు చేయాల్సింది ఒగటే. ఆ ఫోను కింద పెట్టు. వాన కాసేపు పడనీ. ఫోను చేస్తివా, ఇది బూడిద. నా నోట్లోంచి మాట రాదు. పుల్లన్న జైలే."

"సుధాకర్ నీకేం చేసినాడు?"

"నాకేం చేయల్యా." లక్ష్మీదేవి ఆమె కళ్ళల్లోకి చూసింది. "నీకు చేసినాడు గదా. గోడకు చెవులుంటాయంటారు, ఈ ఇంటికి ఇప్పుడు గోడలే సగం లేవు. అన్నీ వింటి. బోర్డు ఎత్తుకపోయినోడు. ఒగ నిమిషం ఊరికే కూర్చో అక్కా. నువ్వేం చేయొద్దు. వాన చూసుకుంటాది."

ప్రమోదకు గోడ మీది రెండో మేకు కనిపించింది. ఆ అద్దాల మేడ కనిపించింది. 'వంట బాగా చేస్తారు' అన్న మాట కొంగుముడిలో కదిలింది. ఒక్క నిమిషం. ఎవరూ అడగరు. చేయని ఫోనుకు సాక్షి ఎవరు? బొటనవేలు అతని పేరు మీద నిలబడిపోయింది. అది అక్కడ ఎంతసేపు నిలబడిందో ఆమె తర్వాత ఎప్పుడూ సరిగ్గా చెప్పలేకపోయింది.

తర్వాత నొక్కింది.

లక్ష్మీదేవి వేళ్ళు విప్పింది. పట్టు మంటలో పడి ముడుచుకుంది. వెంట్రుకలు కాలిన కమురు వాసన వంటిల్లంతా నిండింది.

"పుల్లన్న ఉసురు నీకే తగులుతాది," అంది లక్ష్మీదేవి.

"తగలదులే. నువ్వు కాల్చింది సగమే. అంచున్న ఇంకో సగం నేనూ నా సంచిలోని కత్తెరతోనే కోసినా. చిత్రాన్నం మీద కూర్చొని ఈపాటికి స్టేషన్‌కు చేరింటాది."

లక్ష్మీదేవి ఆమెను తేరిపార చూసింది. కోపం కాదు. సాటి పనిమంతురాలిని చూసే చూపు.

అటువైపు ఫోన్ ఎత్తారు.

"చెప్పండి మేడమ్," సుధాకర్ గొంతు. వెనకాల వాన హోరు.

"సుధాకర్, యాడుండారు?"

"గద్దెగదిలో. వాన పట్టింది, తలుపేసుకుని టీ తాగుతాండాం. సంతకం అయిపోయింది. ఓడిపోయినారు లెండి."

"ఓడిపోయినా. ఒప్పుకుంటా. ఇద్దరూ లేచి బయటికి రాండి. ఇప్పుడే. ఆ మిద్దె పడుతుంది."

సుధాకర్ పగలబడి నవ్వాడు. "సావుకారూ, విన్నారా? పొద్దున గోడ, ఇప్పుడు మిద్దె. రేపు ఆకాశమా మేడమ్?"

"దేవుని తోడు సుధాకర్! దోనెకు గుడ్డ కుక్కినారు. నీళ్ళన్నీ మీ నెత్తి మీద ఉండాయి. పొద్దున అన్నది ఎగతాళికి. ఇది కాదు."

"బల్లి ఏమన్నా ఉండాదేమో చూసి చెప్తా ఉండండి."

"ఒరేయ్, నా బోర్డు నువ్వే పెట్టుకోరా! ఫైళ్ళూ నువ్వే ఉంచుకో! బయటికి రా!"

ఆ మాటకు సుధాకర్ నవ్వు ఇంకా పెద్దదైంది. ఆ నవ్వు నడుమ, కొంచెం దూరంనుంచి, మల్లికార్జున గొంతు వినిపించింది. చీర మీద మరక చూసిన వ్యాపారి గొంతు.

"సుధాకరప్పా, ఆ టీ తాగొద్దు. దాంట్లో ఏదో మన్ను పడినట్టుండాది."

నవ్వు ఆగిపోయింది.

గ్లాసు దొర్లిన చప్పుడు. కుర్చీ పడిన చప్పుడు. పరుగు. చెక్కను భుజంతో గుద్దిన చప్పుడు, మళ్ళీ గుద్దిన చప్పుడు. ఎక్కడో పైన కొయ్య సన్నగా మూలిగింది.

"అక్కా," అన్నాడు సుధాకర్. బోర్డు పోయిననాటినుంచి ఆ నోట ఆ మాట రాలేదు. "ప్రమోదక్కా... తలుపు దిగుసుకుపోయింది. రావడం లేదే."

ప్రమోద అరుస్తోంది, మూలకు పొమ్మని, దూలం కింద నిలబడొద్దని. లక్ష్మీదేవి సంగటి కుండ దించి, తెడ్డుకు అంటిన ముద్దను వేలితో తీసి గిన్నెలో వేసింది. ఫోనులోంచి వస్తున్న గుద్దుళ్ళు వింటూ వాన వైపు చూసింది.

"ఆడ గొళ్ళెం పెట్టే పని కూడా ల్యాకపాయె," అంది.